అచ్చులో లేని బుడిపె

ఆ వీధిలో గుండెకాయలు ఎండబెట్టుకునే ఇల్లు ఒక్కటే. డాబా మీద చెక్కపలకలు పరిచి, ఒక వరుసలో గుండెలు, ఒక వరుసలో మూత్రపిండాలు, పిట్టగోడ వారన చెవులు ఆరబెడతారు. చినుకు పడితే ఇంటిల్లిపాదీ పరుగెత్తి ముందుగా మెదళ్ళను లోపలికి చేరుస్తారు. అన్నిటికంటే తొందరగా పాడయ్యేవి అవేనని వాళ్ళ అనుభవం.

బడులకూ కాలేజీలకూ శరీరభాగాల నమూనాలు ప్లాస్టరుతో పోసి, రంగులేసి, చెక్కపీటకు బిగించి పంపడం ఆ ఇంటివాళ్ళ వృత్తి. పోసేవాడు అచ్చు మేస్త్రి. రంగులేసేది ఆయన భార్య. అసలు అచ్చులన్నీ చేసినవాడు ఆమె తండ్రి. మేస్త్రి ఈ ఇంటికి అల్లుడిగా వచ్చి ఇరవయ్యారేళ్ళయింది. పెళ్ళైన మూడోనాడే మామగారు ఆయన చేతికి నునుపుచేసే ఉప్పుకాగితం ఇచ్చి ఒక కాలేయాన్ని ఒళ్ళో పెట్టారు. అప్పటినుంచి ఆ ఒడి ఖాళీగా లేదు.

మామగారికి ఎనభై రెండేళ్ళు. చేతులు వణకడం మొదలయ్యాక పోత పని మానేశారు గాని, తనిఖీ మానలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, తయారైన ప్రతి భాగాన్నీ కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి చూస్తారు. గరుకు తగిలిందా, ఆ భాగం వెనక్కి వచ్చినట్టే. "దేవుడు గరుకు పని చెయ్యడు," అంటారు. ఆ మాట విన్న మేస్త్రి తన గడ్డం తడుముకుంటాడు.

వాళ్ళ పట్టికలో పద్నాలుగో నంబరు 'పురుష జననేంద్రియ వ్యవస్థ, నిలువుకోత'. నమూనాలన్నిటిలో మేస్త్రికి ఎక్కువ ఇష్టమైనది అదే. కొనడానికి వచ్చిన సైన్సు మాస్టర్లు దాన్ని ఓరకంటితో చూసి, వెంటనే పక్కనున్న ఊపిరితిత్తుల మీదికి చూపు మళ్ళిస్తారు. అయినా మేస్త్రి వదలడు.

"చూడండి సార్. ఈ వృషణాలు ఇంత ముఖ్యమైనవి కదా, పొట్టలో భద్రంగా దాచకుండా బయట సంచిలో ఎందుకు వేలాడదీశాడంటారు? లోపలి వేడి వీటికి పడదండీ. రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేగాని శుక్రకణాలు తయారుకావు. చలేస్తే సంచి ముడుచుకుని ఒంటికి దగ్గరగా లాక్కుంటుంది. ఉక్కపోస్తే వదులై దిగుతుంది. మా ప్లాస్టరు ఆరబెట్టడంలో మాకే ఇంత శ్రద్ధ లేదు. ఎడమది కాస్త కిందికి ఉంది, చూశారా? చాలామందికి అంతే. మా మామగారు ఆ నూలు తేడా కూడా అచ్చులో దించారు."

"మంచిదండీ," అంటారు మాస్టర్లు ఊపిరితిత్తులతో.

నిజంగానే పద్నాలుగో నంబరు చూడముచ్చటగా ఉండేది. పసుపుపచ్చ మూత్రాశయం, దాని గుమ్మంలో వక్క రంగు ప్రోస్టేటు, వెనక జంటగా శుక్రాశయాలు, అన్నిటినీ కలుపుకుంటూ చివరిదాకా సాగే లేతనీలం మూత్రమార్గం, ప్రసేకం. కింద రెండు వృషణాలు అద్దంలా నున్నగా ఉండేవి. ఒక్కొక్కదాని నడినెత్తిమీదనుంచి, వంకాయకు తొడిమలా, శుక్రవాహిక పైకి లేచి పొట్టలోకి వంకర తిరిగేది. ఆ నునుపు మామగారికి గర్వకారణం. నలభయ్యేడేళ్ళలో కొన్ని వేల పద్నాలుగో నంబర్లు బడులకు వెళ్ళాయి. ఒక్కదాని మీదా ఫిర్యాదు రాలేదు. వచ్చే అవకాశమూ తక్కువే. చాలా బడుల్లో ఆ పాఠం 'ఇంటి దగ్గర చదువుకు రండి' అన్న వాక్యంతో మొదలై, దానితోనే ముగుస్తుంది. నమూనా మాత్రం బీరువాలో మీద తువ్వాలు కప్పుకుని కాలం గడుపుతుంది.

ఇక ఆ ఇంట్లో ఈ మాటలకు సిగ్గనేది లేదు. కింద వసారాలో రంగులేస్తున్న భార్య పైకి కేకవేస్తుంది:

"ఏమండీ, ప్రోస్టేటుకి ఇంకో కోటు వెయ్యమంటారా?"

"వద్దులే! నిన్న పోసిన వృషణాలు ఆరాయేమో చూడు. పచ్చిగా ఉంటే కదపకు!"

ఎదురింట్లో కొత్తగా దిగిన గుమాస్తా దంపతులు మొదటి వారంలోనే కిటికీకి మందపాటి తెర కట్టుకున్నారు.

ఇలా ఉండగా ఒక ఆరోగ్య సంఘంవాళ్ళు పద్నాలుగో నంబరులోని వృషణభాగాన్ని మెత్తని రబ్బరుతో చేసి ఇమ్మని కబురు పెట్టారు. మగవాళ్ళు తమను తాము నెలకోసారి పరీక్షించుకోవడం ఎలాగో, సభల్లో ఆ రబ్బరు నమూనా మీద చేసి చూపిస్తారట. కబురుతోపాటు ఒక కరపత్రం వచ్చింది. అందులో అయిదు వాక్యాలున్నాయి. వేన్నీళ్ళ స్నానం తరవాత పరీక్షించుకోవాలి. ఒక్కొక్క వృషణాన్నీ బొటనవేలికీ తక్కిన వేళ్ళకూ మధ్య మెల్లగా దొర్లించాలి. పెంకు ఒలిచిన ఉడకబెట్టిన గుడ్డులా నున్నగా తగలాలి. బుడిపె ఏదైనా తగిలితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

మేస్త్రి పద్ధతి తెలియనిదే వస్తువు ముట్టడు. చెవి నమూనా మొదటిసారి పోసిన రోజుల్లో వారంపాటు దారినపోయేవాళ్ళ చెవులు చూస్తూ తిరిగి ఒకాయనతో మాటలు పడ్డాడు. అందుచేత కరపత్రం చేతబట్టుకుని, వృత్తిధర్మంగా, స్నానాలగదిలోకి వెళ్ళాడు. నాలుగు వాక్యాలు చదివాడు. చెప్పినట్టు చేశాడు.

ముందువైపు నున్నగా ఉంది. పక్కలూ సరే. వెనకవైపు, పైనుంచి కిందికి, మెత్తగా, పొడుగ్గా ఏదో తగిలింది.

మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. తను ఇరవయ్యారేళ్ళుగా కళ్ళు మూసుకుని తడుముతున్న వస్తువిది. పోసినది తను, గీకినది తను, నునుపు చేసినది తను. వెనక అలాంటిదేమీ లేదని ప్రపంచంలో ఎవరికైనా ఖాయంగా తెలిస్తే అది తనకే తెలియాలి. రెండోవైపు చూసుకున్నాడు. అక్కడా ఉంది. అదే చోట, అదే పొడవు, అదే మెత్తదనం. పనిలో రెండు పక్కలూ సమంగా కుదిరితే సంతోషించే మనిషికి, సమంగా ఉండటం అంత భయంకరమైన సంగతని ఆరోజే తెలిసింది.

"వ్యాపించేసింది," అనుకున్నాడు.

అయిదో వాక్యం చదివే ఓపిక ఆయనకు లేకపోయింది.

మూడు రోజులు ఆయన ఎంతో మంచివాడైపోయాడు. అన్నం చల్లారినా మాట్లాడలేదు. భార్య కాలేయానికి పొరపాటున మూత్రాశయం రంగు వేస్తే, "పోనీలే, దానికీ ఒక కొత్తదనం ఉండాలిగా," అన్నాడు. కిటికీ దగ్గర కూర్చున్న మామగారి వంక దీనంగా చూసేవాడు. ఇంట్లో ఉన్న రెండో మగవాడు ఆయన ఒక్కడే. 'మీకూ ఉందా?' అని ఒక్కమాట అడిగితే సరిపోయేది. కాని ఆ మాట అడగడం ఎలా? డాబా మీదనుంచి వీధంతా వినబడేలా అరిచే పదమే. దానికి ముందు 'నా' అని చేర్చేసరికి గొంతులో ఎముకలా అడ్డం పడుతోంది.

నాలుగోనాడు మధ్యాహ్నం భార్య కుంచె నీళ్ళలో పడేసి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, ఒంట్లో ఎలా ఉంది?"

"ఎందుకలా అడుగుతున్నావ్?"

"మూడు రోజుల్నించి నన్ను ఒక్కమాటా అన్లేదు. నాకు భయమేస్తోంది."

మేస్త్రి పక్కకు చెయ్యి చాపాడు. ఆరిన పద్నాలుగో నంబరు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఆమె గిన్నెలోని ఎర్ర రంగులో కుంచె ముంచి, వృషణాలు రెంటికీ వెనకవైపు ఒక్కొక్క గీత గీశాడు. ఆ బొమ్మను ఆమె చేతికిచ్చి, తన ఛాతీమీద చెయ్యి పెట్టుకున్నాడు.

ఆమె బొమ్మనూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. ఆ వృత్తిలో పుట్టిన మనిషి కనుక రెండోసారి చెప్పించుకోలేదు.

"నొప్పా?"

"లేదు. బుడిపె. పొడుగ్గా."

"రెండు వైపులానా?"

"రెండు వైపులా. ఒకే సైజు."

"ఎన్నాళ్ళైంది?"

"నాలుగు రోజులు."

"నాలుగు రోజులా! ఉప్పు తక్కువైతే నిమిషం ఆగరే, ఇది నాలుగు రోజులు కడుపులో పెట్టుకుని తిరుగుతున్నారా? లేవండి!" అంది. గొంతు వణికింది. వణికినందుకు కోపం వచ్చి ఇంకా గట్టిగా అరిచింది. "లేవండంటుంటే! చొక్కా మార్చుకోండి, డాక్టరు దగ్గరికి పోదాం!"

"నేనేం చెప్పాలే అక్కడ?"

"ఏం చెప్పక్కర్లేదు. ఇది పట్టుకు రండి." గీతలు గీసిన బొమ్మకు తువ్వాలు చుట్టి ఒళ్ళో పడేసింది.

డాక్టరమ్మకు ముప్ఫయ్యయిదేళ్ళుంటాయి. ఆడమనిషి అని గుమ్మంలోనే తెలిసి మేస్త్రి వెనక్కి తిరగబోయాడు గాని, వెనక భార్య గోడలా నిలబడి ఉంది. కూర్చున్నాక ఆయన నోరు విప్పలేదు. తువ్వాలు విప్పాడు. బొమ్మను బల్లమీద పెట్టి, వెనకవైపు తిప్పి, ఎర్రగీతల మీద వేలు పెట్టి చూపించాడు.

డాక్టరమ్మ బొమ్మను ఎత్తి పట్టుకుంది. చాలాసేపు చూసింది. మేస్త్రి తువ్వాలు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇది ఎవరు చేశారండీ?" అంది చివరికి.

"నేనేనండి."

"ఇందులో..." అని ఏదో అనబోయి ఆగింది. "సరే, ముందు మిమ్మల్ని చూడనివ్వండి. ఆ తెర వెనక్కి రండి."

తెర వెనక గడిచిన రెండు నిమిషాల గురించి మేస్త్రి తరవాత ఎవరితోనూ మాట్లాడలేదు. డాక్టరమ్మ చేతి తొడుగులు వేసుకుంది, పైకప్పు చూడమంది, ఒకసారి దగ్గమంది. ఆయన పైకప్పుకున్న పగుళ్ళన్నీ లెక్కపెట్టాడు. అవి అయిపోతే మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"ఇదేనా మీకు తగిలింది?" అంది వెనకవైపు వేలు పెట్టి.

"అదేనండి."

"అవతలి వైపు ఇదీ?"

"ఎన్నాళ్ళుంటానండీ?"

"మీ ఇష్టం వచ్చినన్నాళ్ళు ఉండండి. ముందు లుంగీ సర్దుకుని బయటికి రండి."

బయట డాక్టరమ్మ చేతులు కడుక్కుంది. తరవాత ఆ బొమ్మను బల్ల మధ్యన పెట్టింది.

"మేస్త్రిగారూ, మీకు ఏ రోగమూ లేదు. మీ బొమ్మకే ఉంది. మీరు బుడిపె అనుకుంటున్నది ఎపిడిడైమిస్. పుట్టిన ప్రతి మగవాడికీ ఉంటుంది, రెండు వైపులా. ఇందులో లేదు."

"లేదా?" అన్నాడు మేస్త్రి. వినబడనట్టు కాదు, ఇంకోసారి వినాలనిపించి.

"లేదు. నున్నగా గీకేసినట్టుంది. చూడండి, వృషణంలో తయారైన శుక్రకణాలు పుట్టుకతోనే పనికొచ్చేవి కావు. ఈదడం రాదు వాటికి. వెనకనున్న ఈ గొట్టంలోకి వస్తాయి. చూడటానికి వేలెడు లేదు గాని, చుట్టలు విప్పి లాగితే ఈ గదికి ఆ చివర్నించి ఈ చివరిదాకా వస్తుంది, సుమారు ఆరు మీటర్లు. దాంట్లో పది పన్నెండు రోజులు మెల్లగా నడిచి, ఈత నేర్చుకుని, కింది కొసలో వేచి ఉంటాయి. ఆ కింది కొసనుంచే శుక్రవాహిక మొదలవుతుంది. మీ బొమ్మలోలాగా నెత్తిమీదనుంచి కాదు. ఒకరకంగా అది వాటి బడి అనుకోండి."

"బడులన్నిటికీ పంపాం, బడి లేకుండా," అన్నాడు మేస్త్రి నీరసంగా.

"మా బడిలో కూడా ఇదే ఉండేదేమో! పరీక్షలో ఎపిడిడైమిస్ చూపించమంటే బొమ్మంతా తిప్పితిప్పి చూశాను, దొరకలేదు. మాస్టారు బెంచీ ఎక్కించారు." డాక్టరమ్మ నవ్వింది. "ఇంతకీ మీరు ఈ పరీక్ష ఎందుకు చేసుకున్నారు?"

మేస్త్రి జేబులోంచి నాలుగు మడతల కరపత్రం తీసి ఇచ్చాడు.

"మరి అయిదో వాక్యం చదవలేదా? 'వెనకవైపు మెత్తని గొట్టంలాంటిది సహజంగానే ఉంటుంది, భయపడవద్దు' అని ఉందిగా."

భార్య ఆయనవైపు చూసిన చూపుకు ప్లాస్టరు నీళ్ళు లేకుండానే గట్టిపడేది.

"అయినా వచ్చి మంచిపని చేశారు," అంది డాక్టరమ్మ. "ముందువైపునో పక్కనో గట్టిగా, గింజలాగా ఏదైనా తగిలితే, నొప్పి లేకపోయినా సరే, నాలుగు రోజులు ఆగకూడదు. ఆరోజే రావాలి."

"అమ్మా, ఇది మగాళ్ళందరికీ ఉంటుందన్నారుగా," అంది భార్య లేస్తూ. "ముసలివాళ్ళకి కూడానా?"

"ఉంటుందమ్మా. ఎందుకు?"

"మా నాన్నకి చెప్పాలి. అచ్చు ఆయనది."

ఇంటికి వచ్చేసరికి మామగారు కిటికీ దగ్గర ఒక మూత్రపిండాన్ని తడుముతున్నారు. ఆ పెద్దమనిషి అచ్చులో తప్పుందని ఇంతవరకు ఆయన ముఖంమీద అన్నవాడు లేడు. చావు తప్పిన మనిషికి వచ్చే ధైర్యమొకటి ఉంటుంది. దాంతో మేస్త్రి పద్నాలుగో నంబరును ఆయన ముందు పెట్టాడు.

"మామగారూ, మీరు కోప్పడనంటే ఒకమాట. ఇందులో ఒక భాగం తగ్గింది. వెనకవైపు."

మామగారు మూత్రపిండాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. బొమ్మను చూడలేదు.

"తగ్గలేదు," అన్నారు. "నేనే తీసేశాను."

మేస్త్రి బొమ్మను వెనకవైపు తిప్పి చూశాడు. కూతురు అడిగింది: "తీసేశావా? ఎందుకు నాన్నా?"

"ఎందుకేంటే! నాకు నమూనాకి ఇచ్చింది పాత మైనపు బొమ్మ. ఎక్కడో శవాన్ని చూసి చేసిందట. ఎవడో రోగిష్టివాడి శవం దొరికినట్టుంది వాళ్ళకి. వెనకాల రెండు వైపులా ఇంతింత బుడిపెలు. చదువుకునే పిల్లలకి రోగాన్ని చూపిస్తామా? ఆకురాయి పెట్టి సాపు చేశా. ఆ వాహికని తెచ్చి పైన అతికించా."

"రోగమని మీకెవరు చెప్పారండీ?" అన్నాడు మేస్త్రి.

మామగారు కిటికీలోంచి బయటికి చూశారు. ఎదురింటి తెరను ఎంతో శ్రద్ధగా చూశారు.

"ఒకళ్ళు చెప్పేదేంటి?" అన్నారు మెల్లగా. "నాకూ ఉందిగా."

ఒళ్ళోని మూత్రపిండాన్ని తీసి కిటికీలో పెట్టారు.

"ఆ బొమ్మ చూసిన రోజే అనుమానమొచ్చి చూసుకున్నా. అచ్చం అలాగే ఉంది. అప్పుడు నాకు ముప్ఫయ్యయిదు. ఇంకో ఏడాది ఉంటే ఎక్కువ అనుకున్నా. అది నెమ్మదైన రోగంలా ఉంది."

"నలభయ్యేడేళ్ళా నాన్నా!" అంది కూతురు. "డాక్టరుకి చూపించొచ్చుగా!"

"ఏమని చూపించనే? నోటితో చెప్పే మాటా అది?"

ఆ మాటంటున్న మనిషి నిన్న మధ్యాహ్నమే, డాబా కింద నిలబడి, 'వృషణాల మీద ఈగలు వాలుతున్నాయి, గుడ్డ కప్పండర్రా' అని కేకవేశాడు. కూతురికి అది గుర్తొచ్చింది కాబోలు, కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. మేస్త్రి మాత్రం నవ్వలేదు. నాలుగు రోజులకే తను సగమైపోయాడు. నలభయ్యేడేళ్ళు ఈ మనిషి దాన్ని ఒంట్లో మోసుకుంటూ, కంటికి కనబడిన గరుకునల్లా గీకుతూ కూర్చున్నాడు. ముక్కాలిపీట జరుపుకుని ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"రోగం కాదు మామగారూ. అందరికీ ఉంటుంది. నాకూ ఉంది. ఇవాళే డాక్టరమ్మ చూసి చెప్పింది. దాన్ని ఎపిడిడైమిస్ అంటారు. శుక్రకణాలు ఈత నేర్చుకునేది అక్కడేనట."

"నీకూ ఉందా?"

"రెండు వైపులా."

మామగారు అల్లుణ్ణి మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. పెళ్ళైననాడు కూడా ఇంత ఆత్మీయంగా చూసి ఉండరు. పెదవులు ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కదిలాయి.

"అయితే పళ్ళసెట్టు కట్టించుకోవచ్చన్నమాట," అన్నారు. "ఎన్నాళ్ళుంటాను లెమ్మని ఊరుకున్నా."

మర్నాడు పొద్దున్నే మేస్త్రి అటక మీదనుంచి పద్నాలుగో నంబరు మూలబొమ్మను దించాడు. ఎన్నో ఏళ్ళ తరవాత మామగారు కుర్చీ వదిలి పనిబల్ల దగ్గరికి వచ్చారు. మట్టిముద్ద అల్లుడి చేతిలోంచి లాక్కున్నారు. వణికే వేళ్ళ మధ్య దాన్ని సాగదీసి, పైన లావుగా, కిందికి సన్నంగా, వృషణం వీపున కరిపించి, శుక్రవాహికను నెత్తిమీదనుంచి పీకి ఆ కింది కొసకు తెచ్చి అతికించారు. వేళ్ళు ఎంత వణికినా చెయ్యి మాత్రం తడబడలేదు. భార్య దానికి ఏ రంగు వెయ్యాలా అని గిన్నెలు ముందేసుకుని కూర్చుంది.

మేస్త్రి కరపత్రం వెనకనున్న బొమ్మతో పోల్చి చూశాడు.

"కాస్త పొడుగైందేమో మామగారూ. డాక్టరమ్మ చెప్పినదాన్ని బట్టి చూస్తే..."

మామగారు తలెత్తలేదు. బొటనవేలితో మట్టిని మెల్లగా నొక్కుతూనే అన్నారు:

"నువ్వు నాలుగు రోజులు తడుముకున్నవాడివి. నేను నలభయ్యేడేళ్ళు తడుముకున్నాను. దీని కొలత నాకు చెప్పకు."

మేస్త్రి కరపత్రం మడిచి జేబులో పెట్టుకుని, ప్లాస్టరు కలపడానికి వెళ్ళాడు.